సీసా మీది అంకె

తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లు తాగాడనే అంటుంది లోకం. మరి సాహిత్య మాసపత్రికలో చోటు అడిగి బీరు గురించి రాసేవాణ్ని ఏమంటుందో నాకు తెలియనిది కాదు. నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ని. ముప్పై ఏళ్లకు పైగా అంకెల మధ్య బతుకుతున్నాను. కవిత్వం గురించి మాట్లాడే అర్హత నాకు లేదు. ఒక వస్తువు వెల వేరు, విలువ వేరు అని చెప్పే అర్హత మాత్రం ఉద్యోగమే ఇచ్చింది. ఆ ధైర్యంతోనే ఈ నాలుగు ముక్కలు.

విషయం ఇది. మా అల్లుడు అమెరికాలో బోస్టన్ దగ్గర ఉద్యోగం. పోయినసారి వచ్చినప్పుడు ఒక బీరు సీసా తెచ్చాడు. దాని ధర 240 డాలర్లు. మన లెక్కలో ఇరవై వేల రూపాయల పైచిలుకు. ఒక్క సీసా! ఈ సంగతి బెంగళూరులో నెలనెలా జరిగే మన గోష్ఠి అయ్యాక కాఫీల దగ్గర నోరు జారి చెప్పాను. అంతే, రెండు పక్షాలు లేచాయి.

ఒక పెద్దాయన, సంస్కృతాంధ్రాలు రెండూ చదువుకున్నవారు, చెంప పెట్టినట్టు అన్నారు: "ఇరవై వేలు పోసి బీరు తాగేవాడికి డబ్బు ఎక్కువైనా అయుండాలి, బుద్ధి తక్కువైనా అయుండాలి." ఆయన పక్కనే కూర్చున్న కుర్రవాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మంచి కథలు రాస్తాడు, వెంటనే అడ్డుపడ్డాడు: "సార్, అది 28 శాతం! మామూలు బీరు 5 శాతం. ఆ మాత్రం ధర ఉండదా?"

ఇద్దరి మాటా తప్పే అని నా వాదన. పెద్దాయన పొరపాటు చిన్నది, సరిదిద్దుకోవచ్చు. కుర్రవాడి పొరపాటు మాత్రం ప్రాణాల మీదికి తెచ్చే రకం. అది ఎలాగో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు ఆ సరుకేమిటో చెప్పాలి. దాని పేరు శామ్యూల్ ఆడమ్స్ యుటోపియాస్. బోస్టన్ బీర్ కంపెనీ వారు చేస్తారు. 1994లో వాళ్లు ట్రిపుల్ బాక్ అనే 17.5 శాతం బీరు తెచ్చారు. అప్పట్లో అదే వింత. 2002లో యుటోపియాస్ 24 శాతంతో వచ్చింది. ఆ తర్వాత రెండేళ్లకొకసారి కొద్దిపాటి సీసాలే వదులుతూ 28కీ, ఆ పైకీ తెచ్చారు. సీసా మామూలు సీసాలా ఉండదు. బీరు కాచే రాగి బాన ఆకారంలో బొద్దుగా ఉంటుంది. అమెరికాలోనే పదిహేను రాష్ట్రాల చట్టాలు దాన్ని అమ్మనివ్వలేదు. మన దేశంలో అసలు ప్రశ్నే లేదు. ఆహార భద్రతా సంస్థ 2018 నిబంధనల ప్రకారం 5 శాతం దాటితే స్ట్రాంగ్ బీరు, 8 దాటితే బీరు పేరుతో అమ్మడానికే వీల్లేదు. అల్లుడు తెచ్చింది ప్రయాణికులకు అనుమతించే రెండు లీటర్ల లోపు సామానులో.

28 శాతం ఎలా వస్తుందన్నది తెలిస్తేనే ధర సంగతి అర్థమవుతుంది. బీరును పులియబెట్టేది ఈస్టు అనే సూక్ష్మజీవి. అది చక్కెరను తిని సారాను వదులుతుంది. ఆ సారా పెరిగేకొద్దీ దానికే విషమవుతుంది. తాను వండిన దాంట్లో తానే మునిగి చచ్చే జీవి అది. మామూలు బీరు ఈస్టు 10, 12 శాతం దగ్గరే చేతులెత్తేస్తుంది. ఆ పైకి పోవాలంటే మొండి ఈస్టులు కావాలి. చంటిపిల్లకు బువ్వ పెట్టినట్టు కొంచెం కొంచెంగా చక్కెర అందిస్తూ వాటిని కాపాడుకుంటూ రావాలి. ఇక్కడ బట్టీ పెట్టి ఆవిరి పట్టడం లేదు. అంతా పులియబెట్టడమే. తర్వాత ఆ ద్రవాన్ని కొయ్య పీపాల్లో పోసి ఏళ్ల తరబడి ఉంచుతారు. వేరువేరు వయసుల పీపాలను కలుపుతారు. అందులో 1990లనాటి పీపాల సరుకు కూడా కొంత ఉంటుంది. పాతికేళ్లు ఒక పీపా జాగా ఆక్రమించి కూర్చుందంటే, అందులో పెట్టిన డబ్బుకు పాతికేళ్ల వడ్డీ ఎవరు కడతారు? బ్యాంకు వాడికి ఈ ప్రశ్న ఒకరు నేర్పనక్కర్లేదు.

రుచి చూశాను. నురగ లేదు, బుడగ లేదు, చల్లబెట్టడం లేదు. బెల్లం పాకం, ఎండు ద్రాక్ష, అమ్మమ్మ కాలంనాటి టేకుపెట్టె తెరిస్తే వచ్చే వాసన. ఒక ఔన్సు, అంటే 30 మిల్లీలీటర్లు, గ్లాసు అడుగున పోసుకుని అరగంట కూర్చున్నాను. బీరు అనుకుని తాగితే బీరులా లేదు. బీరు అన్న మాట మరిచిపోయి తాగితే బాగుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. లెక్కలు రెండు రకాలుగా వేయవచ్చు.

మొదటిది కుర్రవాడి లెక్క. 750 మిల్లీలీటర్లలో 28 శాతం, అంటే 210 మిల్లీలీటర్ల అసలు సారా. గుండుగుత్తగా 20,000 రూపాయలనుకుంటే మిల్లీలీటరు 95 రూపాయలు పడింది. మన ఊరి స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్లు, 8 శాతం, అంటే 52 మిల్లీలీటర్ల సారా. సీసా 200 అనుకుందాం. మిల్లీలీటరుకు నాలుగు రూపాయలు కూడా లేదు. అంటే బోస్టన్ సరుకు పాతిక రెట్లు ప్రియం. శాతాన్ని చూసి డబ్బిచ్చేవాడికి ఇది పచ్చి మోసం. అదే శాతం కావాలంటే ఆ డబ్బుకు మంచి స్కాచి సీసాలు రెండైనా వస్తాయి. అందులో 40 శాతం పైనే ఉంటుంది. కాబట్టి "28 శాతం కనుక ఆ ధర" అన్న మాట కూడికల్లోనే ఓడిపోయింది.

రెండవది వడ్డన లెక్క. 750ని 30తో భాగిస్తే 25 వడ్డనలు. ఒక్కొక్కటి 800 రూపాయలు. 2010 తర్వాత బెంగళూరులో వీధికొకటిగా వెలసిన, అక్కడికక్కడే బీరు కాచి పోసే చోట్లలో ఒక గ్లాసుకు నాలుగైదు వందలు పెట్టి లేచి వస్తున్నవాళ్లే కదా మన పిల్లలు! ఇరవై ఏళ్లు పీపాలో మగ్గిన సరుకు దానికి రెట్టింపు కూడా కాదు. పైగా బుడగ లేదు గనుక మూత తీసినంత మాత్రాన చప్పబడిపోదు. నెలల తరబడి దాచుకోవచ్చు. పెద్దాయనగారు "ఒక్క సీసా ఇరవై వేలు" అన్నప్పుడు ఆ సీసాను ఒక్కడే ఒక్క పూటలో తాగేస్తాడని ఊహించుకున్నారు. అలా తాగేవాడికి వారి తిట్టు అక్షరాలా వర్తిస్తుంది. పాతికమందికి పంచేవాడికి వర్తించదు.

ఇంకొక చిన్న పద్దు. ఆ 240 డాలర్లలో పన్ను ఎంత? అమెరికా కేంద్ర ప్రభుత్వం బీరు మీద పన్ను పీపా లెక్కన వేస్తుంది. అంత పెద్ద కంపెనీకి 117 లీటర్ల పీపాకు 16 డాలర్లు. బీరు 4 శాతమైనా 28 శాతమైనా అంతే. అంటే ఈ సీసా మీద కేంద్ర పన్ను పది సెంట్లు! అదే పరిమాణంలో 40 శాతం విస్కీ మీద రెండు డాలర్ల పైన ఉంటుంది. రాష్ట్రాల పన్నులు వేరే. మన దగ్గర తిరగేసి ఉంటుంది. మద్యం జి.ఎస్.టి.లో లేదు, ఏ రాష్ట్రం పన్ను ఆ రాష్ట్రానిది. అందుకే హోసూరులో ఒక రేటు, అత్తిబెలెలో ఒక రేటు. కాకినాడవారికి యానాం అంటే ముందు గుర్తొచ్చేది గోదావరి కాదు, సీసా ధర. మనం ఇక్కడ కొనే సీసాలో పెద్ద భాగం సర్కారుకు కట్టే పన్నే. బోస్టన్ సీసాలో మనం కొనేది కాలాన్ని, పనిని, కొంత గొప్పనూ. గొప్ప కూడా ఉంది, కాదనను. ఆ రాగి బాన ఆకారానికి ఎంత పట్టిందో కంపెనీ వారికే తెలియాలి.

ఇంతవరకూ చదివి "అయితే ఇతను ఆ బీరును మెచ్చుకుంటున్నాడు" అనుకోకండి. అసలు మాట ఇప్పుడు చెబుతున్నాను.

1988లో నేను డిగ్రీ ఆఖరి సంవత్సరం. మా తమ్ముడు నాకంటే మూడేళ్లు చిన్న. హోసూరులో ఐ.టి.ఐ. చేస్తున్నాడు. తర్వాత అక్కడే ఫ్యాక్టరీలో చేరాడు. వాడు స్నేహితులతో బీరు రుచి మరిగిన రోజులవి. ఒక ఆదివారం నా కాస్టు అకౌంటింగు నోట్సు చూసి, "అన్నా, నీ చదువు దేనికైనా పనికొస్తుందా? ఏ సీసా కొంటే గిట్టుబాటో చెప్పు చూద్దాం" అన్నాడు. నేను నవ్వుతూ నోటుబుక్కు వెనక అట్ట మీద పట్టీ గీశాను. ఒక నిలువు గడిలో ధర, ఒక దాంట్లో మిల్లీలీటర్లు, ఒక దాంట్లో శాతం, ఆఖరి గడిలో రూపాయికి ఎంత సారా. పైన నేను వేసి చూపించానే, సరిగ్గా అదే లెక్క.

వాడికి అది తెగ నచ్చింది. ఫ్యాక్టరీలో అందరికీ చెప్పేవాడు, "మా అన్న లెక్క" అని. ఆ లెక్కలో మామూలు బీరు స్ట్రాంగ్ బీరు ముందు ఓడిపోతుంది. స్ట్రాంగ్ బీరు బ్రాందీ ముందు ఓడిపోతుంది. 180 మిల్లీలీటర్ల క్వార్టరులో 42.8 శాతం లెక్కన 77 మిల్లీలీటర్ల సారా. పెద్ద బీరు సీసాలో 52. ధర చూస్తే చవక క్వార్టరే తక్కువ. లెక్క ఒకసారి ఒప్పుకున్నాక ఇంకో దారి లేదు. అది మెట్టు మెట్టుగా కిందికే దింపుతుంది. మా తమ్ముడు ఆ మెట్లన్నీ దిగాడు. బీరుతో మొదలుపెట్టి చవక క్వార్టరు దగ్గర ఆగాడు. 2014లో, నలభై మూడో ఏట, కాలేయం పాడై పోయాడు. ఆసుపత్రి బిల్లు నేనే కట్టాను. ఆ బిల్లులో ఒక్కొక్క పద్దూ ఇప్పటికీ నాకు గుర్తే.

వాడు నా లెక్క వల్లనే పోయాడని నేను అనను. తాగుడుకు కారణాలు సవాలక్ష. కానీ మద్యానికి వెల కట్టే పద్ధతి ఒకటి వాడికి నేర్పిందెవరంటే నేనే. బీరులో ఏముంది, ఎవరు చేశారు, ఎలా ఉంది, ఎవరితో కూర్చుని తాగుతున్నాం అన్న గడులు నా పట్టీలో లేవు. శాతం ఒక్కటే ఉంది.

అందుకే ఆ కుర్రవాడు "28 శాతం, ఆ మాత్రం ధర ఉండదా" అన్నప్పుడు నా గుండె ఝల్లుమంది. ఇరవై వేల సీసాకు, క్వార్టరుకు మధ్య ఎంత దూరమున్నా, రెంటినీ కొలిచే కొలబద్ద అదే అయితే ఇద్దరూ ఒకే పట్టీ చదువుతున్నట్టు. ఒకడు రూపాయికి ఎక్కువ శాతం వెతుకుతాడు. ఇంకొకడు శాతానికి ఎక్కువ రూపాయలు ఇస్తాడు. మన దేశంలో అమ్ముడయ్యే బీరులో అత్యధిక భాగం స్ట్రాంగ్ బీరే ఎందుకయింది? రుచి బాగుండటం వల్ల కాదు. సీసా మీది అంకె వల్ల.

ఈ అంకె పిచ్చి చదువుకున్నవాళ్లలో ఎంత దూరం పోయిందో చూడండి. స్కాట్లండులో బ్రూడాగ్ అనే కంపెనీ ఉంది. 2009లో 32 శాతం బీరు తెచ్చి ప్రపంచంలో అన్నిటికంటే ఘాటైనదని చాటుకుంది. జర్మనీలో షోర్ష్‌బ్రోయ్ అనే చిన్న సంస్థ వెంటనే 40 శాతంతో జవాబిచ్చింది. 2010లో స్కాట్లండు వారు 41 అన్నారు. జర్మనీ వారు 43 అన్నారు. అదే ఏడు జులైలో బ్రూడాగ్ 55 శాతంతో "చరిత్ర అంతం" అన్న అర్థం వచ్చే పేరుతో పన్నెండు సీసాలు చేసింది. ఒక్కొక్క సీసాను చచ్చిన జంతువు కళేబరంలో, ఉడుతలో, ముంగిసలాంటి స్టోట్ అనే జంతువులో, ఒకదాన్ని కుందేలులో, దూర్చి కుట్టించి అమ్మింది. ధర 500, 700 పౌండ్లు. చరిత్ర అక్కడ అంతం కాలేదు. జర్మనీ వారు 57కు వెళ్లారు. 2013లో స్కాట్లండులోనే మరొక కంపెనీ 67.5 శాతమని ఇంకొకటి తెచ్చి, మెడకు హెచ్చరిక చీటీ కట్టి అమ్మింది.

ఈ 40లు 50లు ఏ ఈస్టుకూ సాధ్యం కాదు. వీటి కిటుకు గడ్డకట్టించడం. నీరు సున్నా డిగ్రీల దగ్గర మంచవుతుంది. సారా మైనస్ 114 దాకా గడ్డకట్టదు. బీరును గడ్డకట్టించి మంచు తీసిపారేస్తే మిగిలింది ఘాటెక్కుతుంది. జర్మనీలో కుల్మ్‌బాఖ్ ఊళ్లో ఐస్‌బాక్ అనే బీరు పాతకాలం నుంచీ ఇలా చేసేదే. అక్కడ అది చిక్కదనం కోసం, రుచి కోసం, 10 శాతం చుట్టుపక్కల ఆగుతుంది. పందెం కట్టినవారు ఆ పద్ధతినే తీసుకుని రుచి సంగతి వదిలేసి అంకె వెంట పరుగెత్తారు. వడ్డన లెక్కే వేస్తాను. 330 మిల్లీలీటర్ల సీసాలో 11 వడ్డనలు. 500 పౌండ్లను పంచితే ఒక్కొక్కటి 45 పౌండ్లు, అప్పటి మారకం రేటులో మూడు వేల రూపాయల పైమాటే. అందులో పీపా కాలం ఎంత, పని ఎంత, ఉడుత ఎంత? కొన్నవాళ్లు ఒక వార్తను కొన్నారు. వార్త మర్నాటికి పాతబడుతుంది. ఇంకొకడు ఇంకొక అంకె వేస్తాడు.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ బెల్జియంలో ఉంది. వెస్ట్‌ఫ్లెటెరెన్ అనే పల్లెలో సెయింట్ సిక్స్‌టస్ మఠం. 1831లో మఠం ఏర్పడింది. కొన్నేళ్లకే సన్యాసులు బీరు కాచడం మొదలుపెట్టారు. వాళ్ల 12వ నంబరు బీరు 10.2 శాతం. అది కూడా ఘాటు బీరే. చాలా ఏళ్లు సీసాకు కాగితం లేబులు కూడా ఉండేది కాదు, వివరమంతా మూత మీదే. 2005లో బీరు ప్రియులు ఓటేసి అది ప్రపంచంలోకెల్లా గొప్ప బీరన్నారు. మఠం ముందు కార్లు బారులు తీరాయి. మన వ్యాపారులైతే ఏం చేసేవారో మీరే ఊహించుకోండి. ఆ సన్యాసులు ఉత్పత్తి పెంచలేదు, ధర పెంచలేదు. మఠం నడవడానికి ఎంత కావాలో అంతే కాచారు. మఠం దగ్గర సీసా రెండు మూడు యూరోలే. బయట దళారులు దాన్ని ఎన్నో రెట్లకు అమ్ముతుంటే, 2019లో సన్యాసులే ముందుగా పేరు నమోదు చేసుకునే అమ్మకం పద్ధతి పెట్టి దళారీలకు అడ్డుకట్ట వేయబోయారు. ఒక్కసారి మాత్రం, 2012లో, మఠం కట్టడానికి డబ్బు అవసరమై అమెరికాలో ఆరు సీసాలు, రెండు గ్లాసుల పెట్టెను 85 డాలర్ల చొప్పున అమ్మారు. అవసరం తీరింది, మానేశారు.

రెండు మూడు యూరోలకు దొరికే వస్తువు విలువ తక్కువదా? 500 పౌండ్ల ఉడుత విలువ ఎక్కువదా? బ్యాంకులో మేము ఆస్తికి రెండు విలువలు రాసుకుంటాం, కొన్న ధర ఒకటి, ఇప్పుడు అమ్మితే వచ్చేది ఒకటి. మూడవది ఒకటుంటుందని, అది ఏ పద్దులోనూ ఎక్కదని ఆ సన్యాసులు చెప్పినట్టయింది.

ఇంట్లో ఆడవాళ్లకు ఈ సంగతి ఎప్పటి నుంచో తెలుసు. మన వీధుల్లో "పాత పట్టుచీరలు కొంటాం, జరీ కొంటాం" అని కేకేస్తూ వచ్చేవాడు ఉంటాడు. పెళ్లినాటి కంచిపట్టు చీర ఇస్తే త్రాసులో వేసి, జరీలో వెండి ఎంత దిగుతుందో చూసి, చేతిలో కొన్ని నోట్లు పెడతాడు. నేత, రంగు, అంచు, ఆ చీర కట్టిన రోజు, ఏవీ అతని త్రాసుకు తూగవు. అతను మోసగాడు కాడు, అతని వ్యాపారమే కాల్చి వెండి తీయడం. బీరును శాతంతో కొలిచేవాడు పాత జరీ కొనేవాడు. ఇరవై వేలిచ్చినా వాడు జరీ కొనేవాడే.

ఇక నా మీద వచ్చే ఆక్షేపణలు.

"ఆ డబ్బుతో ఎందరి పొట్టలు నిండేవి? మన పత్రికకు ఎన్ని జీవిత చందాలు కట్టొచ్చు?" అని పెద్దాయన తప్పకుండా అంటారు. నిజమే. ఈ సంచిక ముద్రణకు అందులో ఎంత భాగం సరిపోయేదో సంపాదకులే చెప్పాలి. కానీ ఇదే ప్రశ్న పట్టుచీరకూ, పెళ్లి భోజనాల్లో పారబోసే అన్నానికీ, నా స్కూటరు పోయి కారు వచ్చినందుకూ వేయాలి. ఒక్క బీరు సీసా దగ్గరే ధర్మం గుర్తుకు రావడం ధర్మం కాదు. అన్నిటికీ వేద్దామంటే నేను సిద్ధం.

"మద్యం ఏదైనా హానికరమే కదా?" అన్నది రెండవది. హానికరమే. ఏ కొద్దిపాటి మోతాదూ పూర్తిగా నిరపాయం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చి చెప్పింది. తాగనివారు తాగనక్కర్లేదు, ఈ వ్యాసం చదివి మొదలుపెట్టనక్కర అంతకంటే లేదు. నేను మాట్లాడేది తాగేవారితో. వారిలో ఖరీదైన ఘాటు బీరు తాగేవాడు 30 మిల్లీలీటర్ల దగ్గర ఆగితే శరీరంలోకి పోయేది 8.4 మిల్లీలీటర్ల సారా. పెద్ద స్ట్రాంగ్ బీరు సీసా ఒక్కడే ముగిస్తే 52. ఆగడం అంకె నేర్పదు. అంకె "ఇంకొంచెం" అనే అంటుంది.

"మరి శాతాన్ని బట్టి ధర వద్దంటే, శాతాన్ని బట్టి పన్నులు వేసే ప్రభుత్వాలు తప్పా?" అని నా తోటి ఉద్యోగి ఒకాయన మెలిక పెట్టాడు. తప్పు కాదు. బ్రిటనులో 2023 ఆగస్టు నుంచి మద్యాలన్నిటికీ శాతాన్ని బట్టే పన్ను. హాని శాతంతో పెరుగుతుంది గనుక సర్కారు శాతాన్ని కొలవాలి, అది దాని పని. ఆనందం శాతంతో పెరగదు గనుక తాగేవాడు శాతాన్ని కొలవకూడదు, అది వీడి తెలివి.

మా తాతగారి ఊళ్లో, హోసూరు తాలూకాలో, ఈతచెట్లుండేవి. తెల్లవారుజామున దింపిన కల్లు పొద్దెక్కేసరికి పులిసి ఘాటెక్కేది. తమిళనాడులో 1987 నుంచి కల్లుకు నిషేధం, ఆ ముచ్చట ఇప్పుడు లేదు. మా తాత పొద్దున్నే ముంత పట్టుకుని పోయేవాడు. సాయంత్రం కల్లు ఎక్కువ ఘాటని ఊరందరికీ తెలుసు, అది తాగేవాళ్లు వేరే ఉండేవాళ్లు. ఘాటు పెరగడాన్ని ఆయన "చెడిపోవడం" అనేవాడు. ఒక్క పూట నిలవని కల్లుకు, పాతికేళ్లు పీపాలో మగ్గిన బోస్టన్ సరుకుకు పోలికే లేదనుకుంటాం. ఉంది. రెంటిలోనూ విలువ కాలానిదే. ఒకటి సరైన గంటకు తాగాలి, ఇంకొకటి సరైన ఏటికి తాగాలి. రెంటినీ చెడగొట్టేది ఘాటు ఒక్కటే కావాలనుకునే నాలుక.

కాబట్టి నా తీర్పు రాసి సంతకం పెడుతున్నాను. చాలా ఘాటైన, చాలా ఖరీదైన బీరు ఆ ధర చేస్తుందా? కాలం పట్టి, కష్టపడి చేసింది అయితే, మీ సొంత డబ్బు అయితే, ఇంటి ఖర్చుకూ అప్పు వాయిదాకూ పోగా మిగిలింది అయితే, పదిమందికి తలా ఔన్సు పోసే మనసుంటే, చేస్తుంది. అంకె కోసం, పందెం కోసం, ఫొటో కోసం అయితే రూపాయి చేయదు. చవకది కూడా అంకె కోసమే కొంటే ఆ రూపాయి కూడా దండగే, వెనక రాబోయే బిల్లు వేరే.

మా అల్లుడు తెచ్చిన సీసా ఇంట్లోనే ఉంది. మూత తీసి అయిదారు నెలలయింది, ఇంకా సగం పైన ఉంది. మొన్న మా తమ్ముడి కొడుకు వచ్చాడు. వాడు తాగడు. ఆ రాగి రంగు సీసాను చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "పెదనాన్నా, ఇది ఎంత శాతం?" అని అడిగాడు. అందరూ అడిగే మొదటి ప్రశ్నే అడిగాడు పాపం. నేను శాతం చెప్పలేదు. ఎలా చేస్తారో, ఎన్నేళ్లు పడుతుందో, ఈస్టు ఎలా చచ్చిపోతుందో అంతా గంటసేపు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. వాళ్ల నాన్నకు ఆ ఆదివారం నేను చెప్పి ఉండాల్సింది ఇదీ.

గోష్ఠిలోని కుర్రవాడికి, పెద్దాయనకు ఇద్దరికీ నా ఆహ్వానం. ఇంటికి రండి, తలా ఒక ఔన్సు. పెద్దాయన పుచ్చుకోకపోతే కాఫీ ఉంటుంది, మా ఆవిడ చేత్తో కాచిన డికాక్షను. షరతు ఒక్కటే, సీసా మీది అంకెను ఎవరూ చదవకూడదు. నా లెక్కలో తప్పుంటే మాత్రం సంపాదకులకు రాయండి, వచ్చే సంచికలో ఒప్పుకుంటాను. లెక్క తప్పితే దిద్దుకోవచ్చు. ఒకసారి తప్పు లెక్క నేర్పి ఊరుకున్నవాణ్ని గనుక, ఆ మాట కొంచెం గట్టిగానే చెబుతున్నాను.